మావయ్య కూర్చునే ఎత్తుకి రూటర్ బల్ల

మా మావయ్యకు పక్షవాతం కొద్దిగానే వచ్చిందని అమలాపురం డాక్టరు గారు చెప్పారు. కొద్దిగా అంటే కుడి చెయ్యీ, కుడి కాలూ. మిగతా మనిషంతా బాగానే ఉన్నాడు. వడ్రంగిలోంచి ఆ రెండూ తీసేస్తే మిగిలేది నోరే కాబట్టి, అది మునుపటికంటే బాగా పనిచేయడం మొదలుపెట్టింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. రాజోలు వైపు కాలవగట్టు మీద ఇల్లు, ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, షెడ్డులో తలుపులూ కిటికీలూ మంచాలూ. నేను మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, గల్ఫ్ వీసా కోసం ఎదురుచూస్తూ, ఖాళీగా ఉన్నాడన్న మాట పడకుండా ఆయన దగ్గర పనిలో చేరాను. అది జరిగి నాలుగేళ్లయింది. వీసా ఇంకా దారిలోనే ఉంది.

మావయ్య నేల మీద కూర్చుని పనిచేసే మనిషి. ఎడమ పాదంతో చెక్కను తొక్కిపట్టి, కుడిచేత్తో ఉలి నడిపేవాడు. ఆయనకు పాదమే పట్టుకొయ్య. బల్ల ముందు నిలబడి పనిచేసే వడ్రంగుల్ని "ఇస్త్రీ బండివాళ్లు" అనేవాడు. కరెంటు మిషన్లు వచ్చాక కూడా నేల వదల్లేదు. తలుపుల అంచులకు వంపులూ గాళ్లూ కొట్టే రూటర్ మిషన్ని సైతం కూర్చునే, రెండు చేతులా పట్టుకుని, చెక్క మీద ఎడమ నుంచి కుడికి నడుపుకుంటూ పోయేవాడు. ఇప్పుడు రెండు చేతుల్లో ఒకటి ఒళ్లో పడుకుని ఉంది.

ఆ సమయానికే చేతిలో ఒక పని ఉంది. కొత్త ఇల్లు కట్టుకుంటున్న బడి మాస్టారు ఒకాయన సింహద్వారానికి రెండు రెక్కల టేకు తలుపు చెప్పారు. మావయ్య చేతి పనే కావాలని పట్టుబట్టి చెప్పారు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి పరామర్శకు వచ్చి, బత్తాయిలు బల్ల మీద పెట్టి, "తొందరేం లేదండి, మీరు బాగా కోలుకోండి" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఇంటి ప్రతిష్ఠకి మాత్రం పాస్టరు గారు డేటు ఇచ్చేసేరండి" అన్నారు.

"ఆయ్, ఇచ్చేస్తానండి" అన్నాడు మావయ్య.

ఆయన వెళ్లగానే అత్తయ్య నా మొహం చూసింది. నేను బత్తాయిల్ని చూశాను.

"నేను చేసేస్తాలే మావయ్యా" అన్నాను.

"నువ్వు చేస్తే నువ్వు చేసినట్టుంటాదిరా. ఆయన నన్నడిగేరు."

ఇందులో పొగరు ఉందనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆ తలుపు తన చేత్తో చేయలేకపోతే ఇంక ఏదీ చేయలేనని ఆయన లోపల తేల్చేసుకున్నాడు. అందుకని నేనొక ఉపాయం చెప్పాను.

"మిషన్ని నువ్వు పట్టుకోవక్కర్లేదు మావయ్యా. బల్ల కింద తలకిందులుగా బిగించేస్తాం. కోసే బిట్ మూతి ఒక్కటే పైకొస్తాది. చెక్కని దాని ముందునుంచి తోసుకుంటూ పోవడమే."

"అంటే గబ్బిలంలాగా వేలాడతాదా?"

"ఆయ్."

"బల్ల ఎంత ఎత్తు?"

నేను చూసిన వీడియోల్లో అందరి బల్లలూ నడుం ఎత్తు. ఈయన నిలబడలేడు. పీట మీదైనా కూర్చోమంటే, "నేల మీద కూచుంటేనే నాకు పనొస్తాదిరా" అన్నాడు. నేల మీద కూర్చుంటే బల్ల జానెడే ఉండాలి. కింద వేలాడే మోటారుకేమో మూరెడు చోటు కావాలి. కాబట్టి షెడ్డు మధ్యలో గొయ్యి తవ్వాను.

కోనసీమలో పుట్టి, కాలవగట్టు మీద నిలబడి, కరెంటు మోటారు కోసం గొయ్యి తవ్విన డిప్లొమా హోల్డర్ని నేనొక్కణ్ణే అయ్యుంటాను. తెల్లారేసరికి గోతిలో సగానికి నీళ్లు, నీళ్లలో ఒక కప్ప. అత్తయ్య తొంగిచూసి, "ఎలాగూ తవ్వేరు కదా, నాలుగు కొర్రమీను పిల్లల్ని కూడా వదిలేయండి" అంది.

నీళ్లు ఊరతాయని నాకు తెలియక కాదు. మంచం దిగినప్పటినుంచీ ఆయన నోరు తెరిచి అడిగినది నేల మీద కూర్చోవడం ఒక్కటే. కాదనలేక తవ్వాను. తర్వాత కాదనే పని గొయ్యే చేసింది. మట్టి కప్పెడుతుంటే మావయ్య చూస్తూ, "సరే, పీటే వెయ్యి" అన్నాడు.

ఆరు వారాలు పట్టింది. ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి మోకాలి ఎత్తు కొలిచాను, మోచేయి ఎత్తు కొలిచాను, చాపితే ఎడమ చెయ్యి ఎంత దూరం అందుతుందో కొలిచాను. "పెళ్లిబట్టలు కుడతావా ఏంట్రా?" అన్నాడు. బల్ల పైకి రెండు ప్లైవుడ్ షీట్లు అతికించి, చెక్క జారడానికి మీద మైకా వేశాను. చెక్క ఆనుకుని నడిచేలా నిటారు టేకు బద్ద అడ్డం పెట్టాను. చాపిన కుడి కాలు తగలకుండా బల్ల కాళ్లు దూరంగా పెట్టాను. స్విచ్ ఎడమ వైపు, వేలు తగిలితే ఆగేంత దగ్గర్లో. ఎడమ చెయ్యి ఒక్కటే ఉన్న మనిషికి ఇంతకంటే బాగా ఎవరూ చెయ్యలేరనిపించింది. ఒకరిద్దరికి ఫొటోలు కూడా పంపాను. సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది, అందుకే గొప్పలు ఇక్కడ ఆపుతున్నాను.

అత్తయ్య బల్లకు పసుపు రాసి బొట్టుపెట్టింది. మావయ్య పీట మీద కూర్చున్నాడు. స్విచ్ వేశాడు. మామిడి చెక్క ముక్క ఒకటి ఎడమచేత్తో పట్టుకుని, ముప్పై ఏళ్ల అలవాటు ప్రకారం ఎడమ నుంచి కుడికి తోశాడు.

మిషను ఆ ముక్కను లాక్కుని విసిరేసింది. అది వెళ్లి రేకుకు తగిలి పెద్ద చప్పుడైంది. పక్కింటి కోళ్లు మా తరఫున అరిచాయి.

"ఎటెళ్లిపోయిందిరా?"

"ఎదురు తొయ్యాలి మావయ్యా. మిషను తలకిందులైంది కదా, తిరగడం కూడా తిరగబడింది. కుడి నుంచి ఎడమకి."

ఆయన ఇంకో ముక్క తీసుకున్నాడు. కుడి వైపు పెట్టాడు. తొయ్యడానికి చూశాడు. కుడి చెయ్యి కదల్లేదు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ బల్ల మీద చెక్కను తోసేది కుడి చెయ్యి. ఎడమ చెయ్యి బద్దకేసి అదిమిపట్టడానికే. ఆయన ఒళ్లంతా కొలిచాను. పని ఏ చెయ్యి చేస్తుందన్నది ఒక్కటే చూసుకోలేదు.

ఎడమ చేతిని అడ్డంగా చాపి కుడి వైపున్న ముక్కను నెట్టబోయాడు. చొక్కా చెయ్యి తిరుగుతున్న బిట్ మీదుగా వేలాడింది. నేను స్విచ్ ఆపేశాను.

"బల్లకి అవతల వైపు కూచుంటే?" అంది అత్తయ్య.

బద్దని కూడా తిప్పి పెట్టి, అటు కూర్చోబెట్టి చూశాం. అటువైపు నుంచీ అంతే. ఎటు కూర్చున్నా కుడి నుంచి ఎడమకే తొయ్యాలి.

"మోటారుని ఎదురు తిప్పించరా."

"బిట్‌కి పళ్లు ఒకవైపే ఉంటాయి మావయ్యా."

చివరికి కుడి వైపు నేను తోశాను, ఎడమ వైపు ఆయన అందుకుని లాగాడు. రెండు బద్దలు వచ్చాయి. అంచు అద్దంలా వచ్చింది. మూడోది పెట్టబోతుంటే ఆయన చెయ్యి తీసేశాడు.

"నేను లాగకపోయినా వచ్చేస్తాది కదరా అది?"

వచ్చేస్తుంది. స్విచ్ ఆపేశాను. ఆయన తిట్టలేదు. గోతికి తిట్టాడు, ఫొటోలకి తిట్టాడు, దీనికి తిట్టలేదు. "నీ తప్పేం లేదులే" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. తిడితే బాగుండును.

తలుపు నేనే పూర్తిచేశాను. మాస్టారు వచ్చి అంచు పొడవునా వేళ్లతో నిమిరి, "ఎంతైనా మీ చెయ్యే వేరండి" అన్నారు. నేను మావయ్య వైపు చూశాను. మా అల్లుడు చేసేడని చెప్తాడనుకున్నాను. ఆయన కిటికీ బయటికి చూస్తూ "ఆయ్" అన్నాడు. అంతే. ఆయన గొప్ప తీసుకున్నట్టు లేదు. ఇంకొకళ్లకి విడమరిచి చెప్పే ఓపిక లేనట్టుంది.

తలుపు ట్రక్కెక్కాక మావయ్య షెడ్డులోకి వచ్చాడు. నేను ఆ బల్ల ముందు ఒంగుని నడుం పట్టుకుని ఉన్నాను. కాసేపు చూశాడు.

"నీ ఎత్తుకి బల్ల కాళ్లు పెంచేసుకోరా. ఒంగి ఒంగి నడుం పోతాది."

"ఎందుకు మావయ్యా, నీ చెయ్యి వచ్చాక మళ్లీ తగ్గించాలి."

"టేపు తే."

తెచ్చాను. నన్ను నిటారుగా నిలబడమన్నాడు. టేపు కొస నన్ను కాలి కింద తొక్కిపట్టమని, ఎడమచేత్తో మోచేయి దాకా లాగాడు. సెంటీమీటరు కూడా తేడా రాకుండా అంకె చెప్పి, గోడ పట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నానికి కాళ్లు పెంచేశాను. ఆయన కూర్చున్న పీటను అత్తయ్య వంటింట్లోకి తీసుకెళ్లింది. ఇప్పుడు నేను నిలబడి పనిచేస్తున్నాను. మావయ్య షెడ్డులోకి రావడం మానేశాడు. మిషను చప్పుడైనప్పుడు టీవీ సౌండు కొంచెం పెంచుకుంటాడు.