మేడమ్‌కు నేను వేసిన మార్కులు

ఇది రెండు ఊళ్ల మధ్య జరిగిన మహాగాథ. ఇందులో త్యాగం ఉంది, ద్రోహం ఉంది, జాతీయ రహదారి మీద కన్నీటి ప్రయాణం ఉంది. ఇలా మొదలుపెడితే బాగుంటుందనిపించింది గానీ, ఉన్నమాట చెప్పాలంటే ఇందులో ఉన్నది ఒక పరీక్ష అట్ట, దానికి బిగించిన నాలుగు కాగితాలు, నా పెన్ను. ద్రోహం మాత్రం నిజంగానే ఉంది. అది నాది.

ఎమ్మెస్సీ సైకాలజీ చివరి ఏడాదిలో ప్రాజెక్టు చేయాలి. హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్లకు కౌన్సెలింగ్ ఇచ్చే ఒక సంస్థకు నందిగామలో ఒక గది, జగ్గయ్యపేటలో ఒక గది ఉండేవి. గదికొక కౌన్సెలర్. రోజూ ఇతరుల గాయాలు వినే ఈ మనుషులు తాము ఎంతవరకు తేరుకోగలుగుతున్నారో కొలవడం నా పని. ఇరవై వాక్యాలు చదువుతాను. ఒక్కోదానికి వాళ్లు సున్నా నుంచి నాలుగు దాకా చెబుతారు. సున్నా అంటే అసలు నిజం కాదు, నాలుగంటే పూర్తిగా నిజం. మనుషుల ఓర్పును తూచే తక్కెడ ఇరవై మూడేళ్లవాడి చేతికిచ్చారు. ఆ ఒక్క తప్పూ నాది కాదు.

నందిగామ మేడమ్‌కు నలభై అయిదు దాటి ఉంటాయి. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్లేవారు. నాకు టీ తెప్పించి, ముందే ఒక సంగతి చెప్పారు. మూడు నెలలు కేసులు వినకుండా రికార్డుల పని మాత్రం చూస్తానని ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారట. నా కాగితాలు చూశాకే ఏ సంగతో తేలుస్తామన్నారట. కాబట్టి తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

“పని అయ్యాక కేసుల సంగతి ఇంటికి మోసుకెళ్లను,” అని మొదటి వాక్యం చదివాను.

“మొన్న ఇక్కడ ఒకావిడ చెప్పిందే బస్సులో తల్చుకుంటా కూర్చున్నా బాబూ. పేటకి చిల్లకల్లులో దిగి మారాల్సిందాన్ని గరికపాడు దాకా వెళ్లిపోయా. రాష్ట్రం సరిహద్దు చెక్‌పోస్టు చూసి లేచా.”

“సంచిలో ఏం దాటిస్తున్నారని ఆపలేదా మేడమ్?”

“ఆపితే ఏం చెప్పను?” అని నవ్వారు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. “సున్నా వేసుకో బాబూ.”

“సున్నా ఏంటండీ! మీలాంటోళ్లకి సున్నా వేస్తే నా కళ్లు పోతాయ్.”

ఇంతలో చేతికి కట్టుతో ఒకావిడ గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. మేడమ్ లేచారు. “మిగతావి నువ్వే చూసి వేసెయ్, నీకు తెలీందేముంది?”

మా వైపు కాలేజీల్లో ప్రాక్టికల్స్ రాసినవాళ్లకు ఈ పద్ధతి తెలుసు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు మర్యాద బాగా జరిగితే యాభైకి నలభై ఎనిమిదికి తగ్గవు. మార్కంటే కొలత అని మాకెవరూ చెప్పలేదు. మార్కంటే గౌరవం. మేడమ్ మీద నాకు నిజంగానే గౌరవం. అందుకే వరసగా నాలుగులు వేశాను. నమ్మేలా ఉండాలని రెండుచోట్ల మూడు వేశాను. ఆవిడ నోటితో చెప్పిన సున్నాను కూడా దిద్ది నాలుగు చేశాను.

రెండు నెలల తర్వాత జగ్గయ్యపేట కౌన్సెలర్ ఉద్యోగం మానేసింది. సంస్థ పెద్దాయన కమిటీ మీటింగుకు నన్నూ పిలిచారు.

“ఎనభైకి డెబ్బై ఎనిమిది! ఈవిడ ఉక్కు మనిషండీ. ఇంకా అర్జీ ఎందుకు? కొత్తమనిషి దొరికేదాకా జగ్గయ్యపేట కేసులూ మేడమే చూస్తారు,” అన్నారాయన.

“నాకు టెన్త్‌లో కూడా ఇన్ని రాలేదండీ,” అన్నారు మేడమ్.

అందరూ నవ్వారు. మామూలుగా అలాంటి మాట విసిరేది నేను.

బయట వరండాలో ఆవిడే అడిగారు. “అన్నీ నాలుగులెందుకేశావు బాబూ?”

“మర్యాదగా ఉంటుందని మేడమ్.”

“మర్యాదకి టీ ఇచ్చాగా. తిరిగిమ్మన్నానా?”

కోప్పడలేదు. కోప్పడితే నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. దాన్ని మింగి బస్సెక్కాను.

ఒప్పుకుంటే ప్రాజెక్టు పోతుందని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ రెండు ఊళ్ల కేసులూ విన్నారు. అయిదో రోజు కొత్త కాగితాలు పట్టుకెళ్లాను. ఈసారి పెన్ను ఆవిడ చేతికిచ్చి నేను నోరు మూసుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. మొత్తం ఎంతయిందో ఇక్కడ రాయను.

వాటిని తీసుకెళ్లి పెద్దాయన ముందు పెట్టాను. “ముందు ఇచ్చిన మార్కులు నేను వేసినవండీ, ఆవిడ చెప్పినవి కావు.”

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. “తన కోసం కాపీ కొట్టినోళ్లని చూశా. ఎదుటి మనిషి కోసం కొట్టి ఆ మనిషినే ముంచినోణ్ణి నిన్నే చూస్తున్నా. రాసిచ్చి వెళ్లు.”

తల దించుకుని ఒక పేజీ రాసిచ్చాను. డ్యూటీ చార్టు మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ నెలకొకసారి, మొదటి సోమవారం కూర్చుంటుంది. ఆ నెలది అప్పటికే అయిపోయింది.