పసుపు దారం కోడితో మీగడ కూర

ఒక కోడి, ఒక పరీక్ష, ఒక దేవత. ఈ మూడింటినీ ఒకే గిన్నెలో వేసి, పైన మీగడ పోసి, సన్న సెగ మీద ఉడికించిన మొనగాడు ఈ భూమ్మీద ఉన్నాడంటే అది నేనే. వంట చెడగొట్టేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. ఉప్పు ఎక్కువ వేస్తారు, అడుగంటిస్తారు, మహా అయితే గిన్నె పారేస్తారు. నా వంట చెడలేదు. అద్భుతంగా కుదిరింది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

అప్పట్లో నేను నాగపూర్‌లో మెకానికల్ డిప్లొమా చదివి మహారాష్ట్ర అంచున ఉన్న మా ఊరు సిరొంచకు తిరిగి వచ్చినవాణ్ని. 'చదివి' అన్నాను గాని 'పూర్తి చేసి' అనలేదు, గమనించండి. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాయి, ఒక్క థర్మల్ ఇంజనీరింగ్ తప్ప. అంటే వేడి, ఆవిరి, మంట, వాటి లెక్కలు. అందులో రెండుసార్లు తప్పాను. మూడోసారి రాసి ఇంటికొచ్చి కూర్చున్నాను. చంద్రపూర్‌లో ఒక ఫ్యాక్టరీ వాళ్లు నన్ను ట్రైనీగా తీసుకుంటామన్నారు, ఈసారి పాసైతేనే. తప్పితే నా గతి మా సమ్మయ్య బావ కిరాణా దుకాణంలో తక్కెడ పక్కన స్టూలు. బావ మా మేనత్త కొడుకు, మనసున్న మనిషి. ఆ స్టూలు అప్పటికే కడిగి ఆరబెట్టాడు.

ఫలితం, మా ఊరి మాటలో నికాల్, కూడా ఆ దుకాణానికే రావాలి. ఊళ్లో మా వాడకు ఉన్న ఫోను అదొక్కటే. నాగపూర్‌లోని నా స్నేహితుడు బోర్డు చూసి ఫోన్ చేస్తానన్నాడు. ఆ ఫోను మోగినప్పుడల్లా నేను పరుగెత్తేవాణ్ని. తీరా చూస్తే అవతల ఎవరో ఉల్లిగడ్డల ధర అడుగుతుండేవారు.

వానాకాలం. ప్రాణహిత నిండుగా, ఎవరితోనూ పని లేనట్టు పారుతోంది. పెంకుల మీద వాన చప్పుడు, మధ్యాహ్నం నిద్ర, ఆ నిద్రలో ఒకటే కల. నాగపూర్ పొలిమేరలో ఒక ధాబాలో తిన్న బటర్ చికెన్ కల అది. ఒక్కసారే తిన్నాను, స్నేహితుడి ఖర్చుతో. పొద్దుగూకే వేళ ఏటి నీళ్ల మీద పరుచుకునే రంగు ఆ కూరది. పైన మీగడ చార, వెన్న కరిగిన మెరుపు. కలలో ప్రాణహిత మొత్తం ఆ రంగులోనే పారేది. నేను పెద్ద రొట్టెను దొప్పలా మడిచి, అందులో కూర్చుని తేలుతూ పోయేవాణ్ని. ఒడ్డున మా థర్మల్ సారు నిలబడి "ఆవిరి పీడనం ఎంత?" అని అరిచేవాడు. నేను పడవ అంచు తుంచి, నదిలో ముంచుకుని తిని, జవాబు చెప్పకుండానే సాగిపోయేవాణ్ని.

అట్లా కలలు కంటున్న రోజుల్లో ఒక పొద్దున బాపు, అమ్మ, అవ్వ పక్క ఊళ్లోని మా పొలంలో నాట్లు చూసి రావడానికి అంకిస బస్సెక్కారు. సాయంత్రం దాకా రారు. ఇల్లు ఖాళీ, పొయ్యి ఖాళీ, నా బుర్ర అంతకంటే ఖాళీ. ఈ ఇంటివాళ్లు జన్మలో తినని కూర వండి పెడదాం, పరీక్ష పోయినా వంట వచ్చిందని సంతోషిస్తారు అనుకున్నాను.

కావలసిన సామాను వరసగా మనసులో రాసుకుని బావ దుకాణానికి వెళ్లాను.

"బావా, కాజు ఉన్నదా?"

"దీపావళికి తెప్పిస్త."

"బటర్?"

"నీకు నౌకరొచ్చినంక తెప్పిస్త."

"క్రీమ్?"

"అరే, ఏం పరేషాన్ జేస్తున్నవ్‌రా పొద్దుగాల్నే! ఉప్పున్నది, పల్లీలున్నయ్. పెర్మిలి అడవి దిక్కు నుంచి మంచి సారపప్పు వచ్చింది. గావాల్నా?"

క్రీమ్ లేదు, కాజూ లేదు, కూర పేరు బటర్ చికెన్. అయినా ఇంజనీరన్నవాడు సామాను లేదని పని ఆపడు, బదులు సామాను వెతుకుతాడు. కాజుకు సారపప్పు. క్రీముకు, అమ్మ నెయ్యి కోసం వారం నుంచి కూడబెడుతున్న మీగడ. ఇక మిగిలింది కోడి. బ్రాయిలర్ కోళ్ల జీపు వాగు పొంగి రాలేదు. పెరట్లో మాత్రం ఒక పుంజు తిరుగుతోంది.

ఆ పుంజు గురించి కొంచెం చెప్పాలి. ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక, నడకలో కొత్తల్లుడి దర్పం. వంటింట్లోకి వచ్చినా ఎవరూ అదిలించరు. అవ్వ దానికి నూకలు అరచేతిలో పోసి తినిపించేది, నాకేమో "పోయి పెట్టుకుని తిను" అనేది. దాని కాలికి ఒక పసుపు దారం కట్టి ఉంది. నాగపూర్‌లో మా వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. తనిఖీ అయి, వాడకానికి సిద్ధమైన సరుకుకు రంగు చీటీ కడతారు. ఓహో, అవ్వ కూడా కోళ్లను తనిఖీ చేసి, కూరకు తయారైనదానికి గుర్తు పెట్టిందన్నమాట అనుకున్నాను. చదువు లేకపోయినా ఎంత పద్ధతి గల మనిషి అని మురిసిపోయాను కూడా.

మీరు నవ్వుతున్నారు. మీకు తెలుసు. మా ఊళ్లో పాలు తాగే పిల్లకూ తెలుసు. తెలియనిది ఆ డిప్లొమావాడికి ఒక్కడికే.

చీటీలు పారేయకూడదన్నది కూడా వర్క్‌షాపు నియమమే. అందుకని దారం జాగ్రత్తగా కత్తిరించి వంటింటి గోడకున్న మేకుకు తగిలించి, పుంజును సంచిలో వేసుకుని బావ దగ్గరికి తీసుకెళ్లాను. కోడిని కోయడం నాకు చేతకాదు.

"ఎవల కోడిరా?" అన్నాడు బావ.

"మా ఇంటిదే. అవ్వ చూసి పాస్ జేసింది."

"కోడిని గుడ పాస్ జేస్తరా? నిన్ను జేస్తలేరు గని!"

ఇంకేదో అడగబోయాడు. అంతలో బీడీల కోసం ఎవరో వచ్చారు. బావ ఆ మాట మరిచి, పుంజును కోసి ముక్కలు చేసిచ్చాడు. ఆ బీడీ కట్ట ఒక్క నిమిషం ఆలస్యమైతే ఈ కథ లేదు.

ఇంటికొచ్చి ముక్కలకు పెరుగు పట్టించి పొయ్యి ముట్టించాను. కరెంటు పోయింది. సారపప్పు, టమాటాలు, అల్లం రోట్లో వేసి రుబ్బాను. ధాబాలో పావుగంటలో ఉడికిన కోడి పట్నం కోడి. మా పుంజు అవ్వ చేతి నూకలతో పెరిగింది. కుక్కర్ ఈల వేస్తోంది, వేస్తోంది, ముక్క మాత్రం చెప్పులు కుట్టేవాడి దగ్గర్నుంచి తెచ్చినట్టే ఉంది. ఆవిరి పీడనం పెరిగితే నీళ్లు మరిగే వేడీ పెరుగుతుందని పరీక్షలో ఎంత రాసినా నమ్మకం కుదరలేదు గాని, ఆ రోజు ఈల ఈలకూ అర్థమైంది. చివరకు పుంజు లొంగింది. మీగడ పోశాను. చెంచాడు చక్కెర, చిటికెడంటే చిటికెడు కారం, గోరంత మెంతి పొడి.

అప్పుడు జరిగింది అద్భుతం. వాన వెలిసింది. కిటికీలోంచి తడి ఎండ వచ్చి గిన్నెలో పడింది. కూర అచ్చం కలలోని నది రంగుకు తిరిగింది. బుడగలు నెమ్మదిగా లేచి, ఆవులించినట్టు విచ్చుకుని మళ్లీ మునిగిపోతున్నాయి. గరిటె తిప్పుతూ నేను ఎక్కడికో వెళ్లిపోయాను. పరీక్ష లేదు, ఫ్యాక్టరీ లేదు, స్టూలు లేదు. మీగడ వాసన ఒకటే ఉంది, నేను దాని మీద తేలుతున్నాను.

"ఏందిరా ఇది, కోడి పాయసమా?"

బావ. దుకాణం మూసి వాసన పట్టుకుని వచ్చాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. కాసేపు నమిలాడు. చిట్లింపు పోయింది.

"పాయసమే. గని ఇంకో ముక్క ఎయ్యి."

నేనూ ఒకటి తిన్నాను. ఉప్పు చూడటానికే, అది మాత్రం రాసుకోండి.

దీపాలు పెట్టే వేళకు మావాళ్లు వచ్చారు. అవ్వ కాళ్లు కడుక్కుని, లోపలికి రాకుండానే పెరట్లోకి నడిచింది.

"బో బో బో... ఏడున్నవ్ బిడ్డా? బో బో బో... ఒరేయ్, పుంజు గూట్లకు ఎక్కలేదేంది?"

నేను గిన్నె మూత మీద చెయ్యి వేసి, పెళ్లికొడుకులా నవ్వి, "గూట్ల లేదవ్వా, గీడున్నది" అన్నాను.

అవ్వ లోపలికొచ్చింది. గిన్నె వైపు చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. మేకుకు పసుపు దారం వేలాడుతోంది.

"అది ఎవలు ఇప్పిండ్రు?"

"ఇప్పలే, కత్తిరించిన. ఖరాబ్ గాకుండ దాచిన."

అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని కూలబడింది. బాపు బయటికి వెళ్లిపోయాడు. కోపమో, నవ్వో తెలియదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. బావ గిన్నెకు దూరంగా జరిగి, మూతి తుడుచుకుని, "నేనిప్పుడే వచ్చిన అమ్మమ్మా" అన్నాడు.

"అది పోచమ్మ కోడిరా!" అంది అవ్వ. "ఉగాది నుంచి సాదుతున్న. నీ పరీచ్చ కోసమే మొక్కిన. పాస్ జెయ్యి తల్లీ, నీకు ఎర్ర పుంజునిస్త అని మొక్కి దారం గట్టిన!"

నా పాసును నేనే కుక్కర్లో పెట్టి, నేనే ఈలలు లెక్కపెట్టాను.

"నాకెందుకు చెప్పలే అవ్వా?"

"మొక్కు చెప్పుకుంట తిరుగుతరా? గయినా దారం గట్టిన కోడిని జూస్తే తెల్వదా? నాగపురం పోయి ఏం సదివినవ్?"

"థర్మల్..." అన్నాను.

"ఇగ పాసైనట్టే" అంది అమ్మ, ఖాళీ అయిన మీగడ గిన్నె చూస్తూ.

"వేరే పుంజును ఇద్దాం" అని బాపు గుమ్మంలోంచి అన్నాడు.

"మొక్కింది దాన్ని. ముక్కలైనా అది ఆమెదే. లేవుండ్రి, ఆమెకు పెట్టందే ఎవ్వలు ముట్టద్దు." అవ్వ నా వైపు తిరిగింది. "ఎవలన్న ముట్టిండ్రా?"

నేనూ బావా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఉప్పు జూసిన" అన్నాను.

"అమ్మోరి కంటె ముందుగాల ఉప్పు జూసిన మొగోనివి నువ్వొక్కనివే రా!"

బయట మళ్లీ తుంపర. ఊరి చివర వేపచెట్టు కింద పోచమ్మ గుడి. నా నెత్తిన బటర్ చికెన్, చుట్టూ వేపరెమ్మలు, పైన బావ పట్టిన గొడుగు, ముందు దీపంతో అవ్వ. మసక వెలుతురు, తడి మట్టి వాసన, నెత్తి మీంచి మీగడ వాసన. భయపడుతూనే, సిగ్గుపడుతూనే, ఆ నడక నాకు కలలోని పడవలాగే అనిపించింది. ఈసారి ఒడ్డున సారు బదులు పోచమ్మ ఉంది. ఆమె అడిగితే మాత్రం జవాబు చెప్పకుండా సాగిపోవడానికి లేదు.

అవ్వ ఆకులో కూర పెట్టింది. తెల్లటి మీగడ చార అమ్మవారి ముందు మెరిసింది. అవ్వ దాన్ని అనుమానంగా చూసి, కొంగు ముడి విప్పి, పొట్లంలోని కారం తీసి పైన చల్లింది.

"తల్లీ, పోరడు సదువుకున్నోడు, ఏం తెల్వదు. నీ కోడిని పాలల్ల ఉడకబెట్టిండు. జర సదురుకో. తియ్యగున్నదని కోపం జెయ్యకు."

ఇంటికొచ్చాక అవ్వ కోపంతోనే ఒక ముక్క నోట్లో వేసుకుంది. తర్వాత పళ్లెం ముందుకు తోసింది. "నాకు పండ్లు లేవు. మెత్తగున్నది. ఇంకింత ఎయ్యి. కోపం పోయిందనుకునేవ్, పోలే." మూడుసార్లు వేయించుకుంది, కోపం పోకుండానే.

ముసలమ్మ కోడి కూయకపోతే తెల్లవారదా అంటారు. మా ఇంట్లో నిజంగానే తెల్లవారలేదు. లేపే పుంజు కడుపుల్లో ఉంది, అందరం ఎండెక్కేదాకా పడుకున్నాం. బావ కేకకు లేచాం.

"నాగపూర్ నుంచి ఫోనొచ్చింది! నికాల్ వచ్చింది!"

అవ్వ రెండు చేతులూ జోడించింది. నేను కళ్లు మూసుకున్నాను.

"పాసైండు!" అన్నాడు బావ. అమ్మ ఏడ్చింది, బాపు ఈసారి దాచుకోకుండా నవ్వాడు. బావ కొంచెం గొంతు తగ్గించి, "గని పాస్ మార్కులెన్నో గన్నే వచ్చినయంట. ఒక్కటి తక్కువొచ్చినా పోతుండె" అన్నాడు.

అవ్వకు ఏమాత్రం ఆశ్చర్యం కలగలేదు.

"మరి ఎట్లొస్తయ్‌రా? కూర చప్పగుండె. తల్లి తిన్నది, గని కడుపు నిండ తినలే. నేను జల్లిన ఆ కారానికే పాసైనవ్."

థర్మల్ ఇంజనీరింగ్ మూడుసార్లు చదివిన నాకు దీనికి ఎదురు చెప్పే సూత్రం ఇప్పటికీ దొరకలేదు.

అందుకే పోచమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నేను మాత్రం కాళ్లు చూశాకే కోడిని చూస్తాను. దారం ఉన్న కోడి జోలికి పోను. దారం లేని కోడికి కూడా మీగడ పూయను. ఎవరి ఉప్పూ ముందుగా చూడను.

ఈ ప్రమాణానికి ఒక కారణం ఉంది. చంద్రపూర్ ఫ్యాక్టరీలో నాకు త్వరలో ప్రమోషన్ పరీక్ష. మొన్న సిరొంచ వెళ్తే పెరట్లో కొత్త పుంజు తిరుగుతోంది. ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక, కాలికి పసుపు దారం. వంటింటి గుమ్మంలో ఎదురుపడి, మెడ వంచి నన్ను ఒక కంటితో చూసింది.

నేను చెప్పులు విప్పి, నమస్కారం పెట్టి, దానికి దారి వదిలాను.