సేట్ చావకూడదు, కేసుంది

శత్రువు అన్నవాడికి కాస్త జలుబు చేస్తే ఎవరికైనా లోలోపల సంతోషమే. మా సోమలింగం మాత్రం తన శత్రువు తుమ్మితే తట్టుకోలేడు. కషాయం పట్టుకుని పరిగెడతాడు.

సూరత్‌లో, సచిన్ పారిశ్రామికవాడ దగ్గర ఉన్ అనే పేటలో, నా మెస్ పక్క గదే అతనిది. పవర్‌లూమ్ కార్ఖానాల్లో మగ్గాలు బాగుచేసే మాస్టర్. మగ్గాన్ని చూడనక్కర్లేదు, గుమ్మంలో నిలబడి చప్పుడు వింటే చాలు, ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. పదహారేళ్లు ధన్‌సుఖ్ సేట్ దగ్గర పనిచేసి, ఒక దీపావళి ముందు పక్క కార్ఖానాకి మారతానన్నాడు. సేట్‌కి ఒళ్లు మండింది. రెండు తాకాలు, అంటే రెండు నిండు గుడ్డ చుట్టలు, ఎత్తుకుపోయాడని పోలీసు కేసు పెట్టాడు. నాలుగేళ్లు తిప్పాక, ఆ తాకాలు సేట్ గోదాములోనే ఉన్నాయని తేలి కోర్టు కేసు కొట్టేసింది. అయితే ఉన్‌లో జనం నోటికి ‘తాకా సోమలింగం’ అన్న పేరు అప్పటికే అంటుకుపోయింది. కుళాయి దగ్గర అతని భార్య ఐలమ్మని కూడా ‘తాకా ఐలమ్మ’ అనేవాళ్లు. ఆమె బిందె సగమే నింపుకుని వచ్చేసేది.

2020 జనవరిలో సోమలింగం ఎదురు కేసు వేశాడు, కక్షగట్టి సేట్ తన మీద అబద్ధపు కేసు పెట్టాడని.

“నష్టపరిహారం ఎంత అడుగుదాం?” అంది వకీలు సంధ్యారాణి.

“పైసలెందుకమ్మా? నేను దొంగను కాదని ఆయన నోటితోని చెప్పాలె. గంతే.”

“కేసు బలంగానే ఉంది. ఒకటే చిక్కు. ఆయనకి డెబ్బై రెండేళ్లు. ఇలాంటి కేసుల్లో అవతలి మనిషి పోతే కేసు కూడా పోతుంది.”

ఆ ఒక్క మాటతో మా వాడి నిద్ర ఎగిరిపోయింది. ఆ రోజు నుంచి సేట్ ఆరోగ్యం బాధ్యత సోమలింగానిదే.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగాయి, కోర్టు మూతపడింది. కొన్నాళ్లకి ఉన్‌లో సగం మంది ఊళ్లకి బయల్దేరారు. ఐలమ్మ కూడా మూట కట్టింది.

“మనం పోవుడెప్పుడు?”

“ఎట్ల పోతమే? కేసున్నది.”

“కోర్టు బందున్నది గద!”

“కోర్టు బందున్నది. కరోనా బంద్ లేదు. సేట్ ముసలోడు.”

సేట్ ఉండే అడాజన్ పేటలో ఫ్లాట్లకి భోజనాలు చేరవేసే పాసు నా దగ్గరుంది. మర్నాడే సోమలింగం నా స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాడు. ఫ్లాట్‌లో సేట్ ఒక్కడే ఉన్నాడు. పెళ్లికని భావనగర్ వెళ్లిన కొడుకూ కోడలూ అక్కడే చిక్కుకుపోయారు. ముప్పై ఏళ్లు మన తెలుగువాళ్లతో మగ్గాలు నడిపించినవాడు కాబట్టి సేట్‌కి తెలుగు వచ్చు, తిట్లతో సహా. తలుపు వారగా తీసి చూశాడు.

“నువ్వా? ఎందుకొచ్చినవ్?”

“దగ్గు సేట్.”

“ఏంది?”

“ఒకసారి దగ్గు. చప్పుడు ఇంట.”

సేట్ కోపంగా తలుపేసుకుని లోపల్నుంచే దగ్గాడు. సోమలింగం తలుపుకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

“ఏం ఫికర్ లేదు. జర నూనె తక్కువైంది. వేడి నీళ్లు తాగు.”

“నా మీద కేసేసి నాకే వైద్యం జేస్తవా?”

“కేసున్నదనే జేస్తున్న. నువ్వు పోతే నేనెవరి మీద గెలవాలె?”

ఇక రోజూ ఇదే వరస. పొద్దున కాకరకాయ రసం, సాయంత్రం మిరియాల కషాయం. సేట్‌కి ప్రాణమైన లోచో మీద, అంటే నూనె ఓడే సూరత్ శనగపిండి ఫలహారం మీద, నిషేధం. “కేసు తేలేదాక లోచో బంద్” అని తీర్పు చెప్పాడు. పక్క ఫ్లాట్‌వాళ్లు జాలిపడి పంపిన గిన్నెల్ని తిప్పి పంపే సేట్, సోమలింగం తెచ్చింది మాత్రం తినేవాడు. “వాని కేసు కోసం వాడు తెచ్చిండు, నాకేం మొహమాటం?” అనేవాడు.

జూలైలో సేట్‌కి జ్వరం వచ్చింది. సోమలింగం ఎక్కడో ఆక్సీమీటర్ సంపాదించి వేలికి పెట్టాడు. ఎనభై తొమ్మిది. అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ వెంట పరిగెడుతూ మా వాడు ఒకటే అరుపు: “సేట్! కేసున్నది, యాదికుంచుకో! సావొద్దు!” ఇతనెవరని అంబులెన్సువాళ్లు అడిగితే, కేసు వేసినవాడని చెప్పాను. పన్నెండు రోజులు ఫోన్‌లో సేట్ ఊపిరి విన్నాడు. పదమూడో రోజు సేట్ ఇంటికొచ్చాడు. కాకరకాయ రసం మళ్లీ మొదలైంది.

మరుసటి మార్చిలో కోర్టు తలుపులు తెరిచారు. సేట్ ఇస్త్రీ బట్టలు వేసుకుని నాకు ఫోన్ చేశాడు. “ఉమాకాంత్, బండి తీస్కరా. జడ్జి ముందటనే చెప్పేస్త. వాని చేతి కూడు తిని ఇంక అబద్ధమాడలేను.” సోమలింగాన్ని పిలిస్తే, మగ్గం ఆగింది రానన్నాడు. నాకు వింతగా అనిపించింది.

కోర్టు వరండాలో, కేసు కోసం వచ్చామంటే సంధ్యారాణి తెల్లబోయింది.

“ఏ కేసండీ? పోయిన జూలైలోనే వెనక్కి తీసుకున్నాడుగా! మీరు ఆసుపత్రిలో చేరిన మర్నాడే ఫోన్ చేశాడు. ‘మనిషి పానం మీదున్నడు, నెత్తి మీద కేసెందుకమ్మా’ అన్నాడు. మీ వకీలుకి కాగితం పంపాం.”

లాక్‌డౌన్‌లో ఊరెళ్లిన సేట్ వకీలు ఫోన్ ఎత్తడం ఎప్పుడో మానేశాడు, ఆ కాగితం సంగతి సేట్ దాకా రానేలేదు.

“ఎనిమిది నెలలు!” సేట్ అరిచాడు. “లేని కేసుకి నాతోని కాకర రసం తాగిచ్చిండా!”

నాకు నవ్వొచ్చింది. రోజూ నా వెనక కూర్చుని ‘కేసున్నది, జల్దీ పోనియ్’ అని తొందరపెట్టినవాడు నాతో కూడా ఒక్క ముక్క చెప్పలేదు.

తిన్నగా ఉన్‌కే పోనిమ్మన్నాడు సేట్. షిఫ్టు మారే వేళ, టీ బండి దగ్గర మనవాళ్లంతా ఉన్నారు. సేట్ దిగుతూనే సోమలింగం చొక్కా పట్టుకున్నాడు.

“కేసు లేదని ఎందుకు చెప్పలే?”

“కేసు లేదంటే నువ్వు తలుపు తీస్తుంటివా సేట్?”

సేట్ చొక్కా వదిలేశాడు. ఆయాసపడుతూ టీ బండి ముందున్న బల్ల ఎక్కి, మాస్క్ కిందికి లాగాడు.

“అందరు ఇనుండ్రి! తాకాలు నా గోదాంలనే ఉండె. సోమలింగం దొంగ కాదు. అబద్ధం నేను చెప్పిన!”

టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకునే బల్ల చుట్టూ చేరారు.  సోమలింగం జేబులోంచి ఆక్సీమీటర్ తీసి, సేట్ వేలికి తగిలించి, అంకె చూసి తలూపాడు.

“తొంభై ఆరు. మంచిగనే ఉన్నవ్. జర మళ్లొకసారి చెప్పు సేట్. ఐలమ్మ కుళాయికాడున్నది, ఇనలే.”

సేట్ కుళాయి వైపు తిరిగి, ఇంకా గట్టిగా మొదలుపెట్టాడు. అక్కడ ఐలమ్మ బిందె ఎప్పుడో నిండి పొర్లుతోంది. ఆమె మాత్రం కదల్లేదు.