బెజవాడలో టీకి దిగినవాళ్లు

నేను అమలాపురం దగ్గర ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. ఆటల పీరియడ్లో పిల్లలు కూర్చుంటే నాకు ఒళ్లు మంట. డెబ్భైల చివర్లో ఒక రోజు, ఒకటో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయి కుమారి గ్రౌండు సగం చుట్టి గొంతుక్కూర్చుంది. ఈల ఊది లేపాను. నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంది. "మాస్టారి కూతురివై ఉండి బద్ధకమా?" అని చెవి మెలిపెట్టాను. తలెత్తి చూసింది. పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. అది నేరేడుపళ్ల కాలం కాదు.

అమలాపురం డాక్టరుగారు స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. "మర్మర్ ఉందండి, గుండె చప్పుడులో తేడా. కాకినాడ తీసుకెళ్లండి" అన్నారు. కాకినాడలో ఎక్స్‌రే, ఈసీజీ తీశారు. అక్కడి పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"పుట్టుకతోనే గుండెలో హోల్ ఉంది. ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారి సన్నం. టెట్రాలజీ అంటారు. ఆయాసమొస్తే గొంతుక్కూర్చుంటుందా?"

"ఆయ్, కూర్చుంటుందండి."

"అలా కూర్చుంటే దానికి కాస్త తెరిపి. ఎవరూ నేర్పకుండా తనే కనిపెట్టుకున్న మందు అది."

ఆ మందు వేసుకున్నందుకే నేను చెవి మెలిపెట్టాను. ఈ మాట నా భార్య సుగుణకి కూడా చాలాకాలం చెప్పలేదు.

మద్రాసు ఆసుపత్రి నుంచి ఆపరేషన్ తేదీతో ఉత్తరం వచ్చింది. ఫ్రెష్ బ్లడ్ కావాలి, ఇచ్చేవాళ్లను వెంట తెచ్చుకోండి అని రాశారు. మా వైపు ఆ రోజుల్లో రక్తం ఇవ్వడమంటే ప్రాణం ఇవ్వడమే. ఇచ్చినవాడు మళ్లీ కొబ్బరిచెట్టు ఎక్కలేడని అందరి నమ్మకం. బంధువులంతా మంచి మాటలు చెప్పి తప్పుకున్నారు. సుగుణ తమ్ముడు ప్రకాశం ఒక్కడే "నేనున్నాను కదండీ బావగారూ" అన్నాడు. తన స్నేహితులిద్దర్ని కూడా ఒప్పించాడు. సుగుణ పచ్చి బాలింత, రాలేకపోయింది.

రాజమండ్రిలో మద్రాసు మెయిలు ఎక్కాం. బెజవాడలో ప్రకాశం "టీ తాగొస్తామండి" అని ఇద్దర్నీ తీసుకుని దిగాడు. బండి కూతవేసి కదిలింది. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా తలుపు దగ్గర నిలబడి చూశాను. "మావయ్యేడి నాన్నా?" అంది కుమారి. వెనక పెట్టెలో ఎక్కుంటాడులే అన్నాను. మద్రాసు వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

"డోనర్స్ ఎక్కడ?" అన్నారు అక్కడి డాక్టరు ఇంగ్లీషులో. నా చెయ్యి చాపాను. "మీరొక్కరు చాలరు. పోస్ట్‌పోన్ చేద్దాం" అన్నారు.

తొమ్మిది రోజులు వరండాలో పడుకున్నాను. భాష రాదు. నాతో తెలుగు మాట్లాడింది కుమారి ఒక్కతే. ఇంటికి "క్షేమం" అని టెలిగ్రాం ఇచ్చాను గాని, నీ తమ్ముడు రాలేదని రాయడానికి చెయ్యి రాలేదు. అంత ఒంటరితనం నేను మళ్లీ ఎరగను. చివరికి పక్క మంచం పిల్లాడి తండ్రి, ఒక అరవ మిల్లు కార్మికుడు, సైగలతోనే నా సంగతి గ్రహించాడు. మర్నాడు తన మిల్లువాళ్లు ముగ్గుర్ని తీసుకొచ్చాడు. నేనూ ఇచ్చాను. ఆ నలుగురూ రక్తమిచ్చి, చొక్కా చేతులు దించుకుని డ్యూటీకి పోయారు. వాళ్ల పేర్లు నాకిప్పటికీ తెలియవు.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. మూడో రోజు ఫీవర్ వచ్చింది. ఛాతీలో ఫ్లూయిడ్ చేరిందని మళ్లీ ట్యూబు వేశారు. ఏమడిగినా "వెయిట్ చెయ్యాలి" అనేవారు. ఒక ఉదయం నర్సమ్మ ఐసీయూ తలుపు తీసి చూపించింది. కుమారి పెదాలు ఎర్రగా ఉన్నాయి. పుట్టాక వాటినలా చూడటం అదే మొదలు. ఏడ్చేశాను. చూడు అని చూపించుకోడానికి పక్కన మనిషి లేడు.

ఇంటికొచ్చాక ప్రకాశం మొహం చాటేశాడు. చర్చిలో గుమ్మం దగ్గర కూర్చుని ఆఖరి ప్రార్థనకి ముందే లేచిపోయేవాడు. సుగుణ తమ్ముడి పేరెత్తనిచ్చేది కాదు. ఊళ్లోనేమో "మాస్టారు రక్తమిచ్చేరంట, ఇంక ఈలైనా ఊదగలరా" అని నవ్వుకునేవారు.

ఆరేళ్లు గడిచాయి. స్కూళ్ల ఆటల పోటీల్లో, ఐనవిల్లి నుంచి వచ్చిన ఒక టైలరుగారి పాప పరుగు మధ్యలో గొంతుక్కూర్చుంది. ఈసారి ఈల జేబులో పెట్టుకుని పరిగెత్తాను. అదే జబ్బు. అదే మద్రాసు, అలాంటి ఉత్తరమే. ఆ తండ్రీ నేనూ ఎక్కని గుమ్మం లేదు. కొబ్బరి దింపు తీసే ఒకాయన మొహం మీదే అడిగాడు. "తవరంటే ఈల ఊదుకుంటారండి. మేం చెట్టెక్కాలి. సత్తువ పోతే మా పిల్లల్ని ఎవరు చూస్తారండి?"

న్యాయమైన ప్రశ్నే. "రక్తమిచ్చి మారథాన్ పరిగెత్తి చూపిస్తాను" అని నోరు జారాను. మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లు. నాకప్పటికి నలభై దాటాయి. కాకినాడ వెళ్లి రక్తమిచ్చి, నెల్లాళ్లు కాలవ గట్టు మీద సాధన చేశాను. "నవ్వులపాలవకండి" అంది సుగుణ, మజ్జిగ సీసాలో పోస్తూనే.

అమలాపురం నుంచి కొత్తపేట వెళ్లి తిరిగి రావాలి. కుమారి నా ఈల ఊదింది, బయల్దేరాను. మా వైపు పెద్దమనిషి రోడ్డు మీద పరిగెడుతున్నాడంటే ఎవరికో ఏదో అయిందనే అర్థం. ప్రతి సైకిలూ ఆగింది. "ఎవరికేమైందండీ మాస్టారూ? ఎక్కండి, దింపేస్తాను."

"ఐనవిల్లి పాపకి రక్తం కావాలండి. నేను నెల కిందటే ఇచ్చేను, చూడండి ఎలాగున్నానో. సాయంత్రం మా స్కూలుకి రండి, గ్రూపు చూస్తారు."

"ఆయ్, అలాగేనండి" అనేవారు. మర్యాదకి అన్నారో, వస్తారో తెలిసేది కాదు. తిరుగు దారిలో పలివెల దాటాక పిక్క పట్టేసింది. మైలురాయి మీద కూలబడ్డాను. ఎండ మండుతోంది, కనుచూపు మేర మనిషి లేడు. మద్రాసు వరండాయే గుర్తొచ్చింది.

వెనకాల సైకిలు ఆగింది. ప్రకాశం.

"ఎక్కండి బావగారూ."

"ఎక్కితే పరుగెలా అవుతుంది?"

స్టాండు వేసి, కింద కూర్చుని నా పిక్క తోమాడు. వద్దనలేదు. లేచి కుంటుతూ పరుగందుకున్నాను. సైకిలు నెట్టుకుంటూ పక్కనే వచ్చాడు. రెండు మైలురాళ్లు దాటాం.

"ఆ రోజు టీ తాగలేదండి" అన్నాడు చివరికి. "బండి కదిలేదాకా స్తంభం చాటున నిలబడ్డాను. మీరు తలుపు దగ్గర నిలబడి వెతుక్కుంటంటే కనపడతానే ఉన్నారు. చచ్చేంత భయమేసిందండి."

"నాకూ వేసిందిరా" అన్నాను. ఆరేళ్లు దాచిపెట్టుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు.

స్కూలు చేరేసరికి గ్రూపు చూసే టెక్నీషియన్ ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ప్రకాశం కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి బల్ల మీద పెట్టాడు. సాయంత్రానికి దింపు తీసే ఆయన కూడా వచ్చాడు, ఇంకా కొందరొచ్చారు. పాపకి సరిపోయే గ్రూపువాళ్లు నలుగురు తేలారు. వాళ్లలో ప్రకాశం ఒకడు.

ఆ పాప ఇప్పుడు స్కూలుకి నడిచి వెళ్తోంది. మా కుమారి ఇంటరు చదువుతోంది. నేనింకా ఈల ఊదుతున్నాను గాని, ఎవరైనా గొంతుక్కూర్చుంటే ముందు పెదాలు చూస్తాను.

ఒక్క మాట చెబుతాను. దూరం ఊరికి ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు, రక్తమిచ్చేవాళ్ల గ్రూపు ఇక్కడే చూపించుకుని, ఒకరిద్దర్ని ఎక్కువే తీసుకెళ్లండి. భయపడేవాళ్లను తిట్టకండి. దారిలో బండి ఆగితే మాత్రం వాళ్లను దిగనివ్వకండి, టీ మీరే తెచ్చివ్వండి. ఐనవిల్లి పాపతో వెళ్లినప్పుడు బెజవాడలో నేనదే చేశాను. ప్రకాశం గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, బండి కదిలేదాకా తల ఎత్తలేదు.