మేస్త్రి రంపానికి తెగిన గొడుగు

చెట్లు కోసే మా మేస్త్రి సోమవారం పొద్దున పోయాడు. ఛాతీలో నొప్పి అంటే కోదాడ నుంచి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారట, దారిలోనే ప్రాణం పోయిందట. ఆయన భార్య ఫోన్‌లో చెప్పగానే నేను అడిగిన మొదటి మాట, రంపం మిషన్ దగ్గర కాదు కదా అని. అడిగాక సిగ్గుపడ్డాను. కానీ ఇన్నేళ్లూ ఆయన మిషన్ పట్టిన ప్రతిసారీ నాకు ఆ భయమే.

గరిడేపల్లి చుట్టుపక్కల ఏ చెట్టు ఒరిగినా ఆయనకే కబురు పోయేది. వాన పడుతుంటే మాత్రం మిషన్ ముట్టేవాడు కాదు. వెలిసిందని తొందరపెడితే, "వాన ఆగిన సంగతి మనకు తెలుస్తదమ్మా, బెరడుకు తెల్వది" అనేవాడు. చెట్టు మొదట్లో బురద గీకేసి పొడి మట్టి పోసేవాడు. మిషన్‌ను నేల మీద పెట్టి, పిడిని కాలితో తొక్కిపట్టి స్టార్ట్ చేసే తాడు లాగేవాడు తప్ప, చేతిలో వేలాడదీసి లాగగా నేను చూడలేదు. అన్నిటికన్నా ముందు, చెట్టు కదిలితే వెనక్కి తప్పుకునే తోవను రెండుసార్లు నడిచి చూసుకునేవాడు. ఎవరి పనిలోనైనా తప్పు వెతికే నాకు, ఆయన పనిలో ఒక్కటీ దొరకలేదు.

తప్పు చేసింది నేను.

మూడేళ్ల కింద ముసురులో తుమ్మచెట్టు బర్రెల కొట్టం మీదికి ఒరిగింది. మేస్త్రి బర్రెలను విప్పి అవతల కట్టేయించి, రేపు కోస్తానన్నాడు. రేకులు పోతాయని నేను పట్టుబట్టాను. రేకులు మళ్లీ కొనుక్కోవచ్చంటూనే, వాన తెరిపిచ్చాక నా మాట కాదనలేక మొదలుపెట్టాడు. కాసేపటికి మళ్లీ తుంపర; సగం తెగిన చెట్టును అట్లా వదలలేక ఆయన ఆపలేదు. పని చేసే మనిషి తడుస్తుంటే అరుగు మీద నిలబడి చూడటం మా ఇంట్లో లేదు. గొడుగు తీసుకుపోయి వెనక నుంచి ఆయన తల మీద పట్టాను. మిషన్ మోతలో నా అడుగుల చప్పుడు ఆయనకు వినబడలేదు.

చెట్టు పెళపెళమంది. ఆయన వెనక్కి తప్పుకుంటూ నాకు తగిలాడు, చేతిలోని మిషన్ పక్కకు ఊగింది. నా ముఖానికి జానెడు దూరంలో గొడుగు గుడ్డ చీలిపోయింది. చెట్టు అవతలికి పడింది. మిషన్ ఆపేసి ఆయన బురదలోనే కూలబడ్డాడు.

"నేను రెండుసార్లు నడిచి సూసుకున్న తొవ్వ అమ్మా అది," అన్నాడు. "గాడ మీరున్నరు."

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నిన్న ఇంటి వెనక వేపకొమ్మ విరిగి వేలాడుతుంటే, మా కొడుకు మిర్యాలగూడ నుంచి మిషన్ కిరాయికి తెచ్చాడు. వాన పడుతూనే ఉంది.

"మేస్త్రి లేడని పని ఆగుతదా అమ్మా? గంటల ఖతం చేస్త."

లోపలికి పోయి ఆ గొడుగు తెచ్చి, విప్పి, మిషన్ మీద పెట్టాను. దానికా చీలిక ఎట్ల పడిందని అడిగాడు. చెప్పాను. నేను చెప్పడం అయ్యేసరికి వాడు ఒకసారి వెనక్కి తిరిగి, తను నిలబడ్డ చోటు నుంచి గోడ దాకా నేలను చూశాడు. ఆ తరువాత చెప్పులు విడిచి అరుగెక్కి నా పక్కన కూర్చున్నాడు.

ఇది రాస్తున్నప్పుడు కూడా వాన ఆగలేదు. మిషన్ ఇంకా ఆ గొడుగు కిందే ఉంది. చీలికలోంచి దిగే చుక్కలు ఒక్కొక్కటే దాని పళ్ల మీద పడుతున్నాయి.