పిట్ట కోసం వెళ్తే పిల్లి పంచాయితీ

నేను సోలాపూర్ వెళ్లింది బట్టమేక పిట్ట కోసం. ఊరి బయటి గడ్డి భూముల్లో ఇంకా ఒకటీ అరా ఉన్నాయని ఎవరో అంటే, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని హైదరాబాదు నుంచి దాదాపు ఆరు గంటలు రైల్లో కూర్చున్నాను. తెల్లవారకముందే వెళ్లి ఎండెక్కేదాకా కాపు కాస్తే కనిపించింది రెండు జింకలు, బోలెడు మిడతలు. పిట్ట జాడే లేదు. ఒళ్లు మండిపోయింది. తిరుగు రైలు రాత్రికి గానీ లేదాయె. అక్కడ స్థిరపడ్డ తెలుగు నేతవాళ్ల కుర్రాడైన ఆటో డ్రైవర్ నా మొహం చూసి తెలుగులో అందుకున్నాడు. "జాన్వర్లే చూడాల్నంటే దాజీ పేట్ పోదాం పా మేడం. ఆడ మా పెద్దనాయనకు మగ్గముంది, జాన్వర్లూ ఉన్నయి." మగ్గం దగ్గర జంతువులేమిటయ్యా అని నవ్వాను గానీ, సరే పదమన్నాను. గడ్డి భూముల దాకా పోయి రావడానికి ఆటోకు ఏడొందలయింది. మీరు నేరుగా స్టేషన్ నుంచి దాజీ పేట్ వెళ్తే షేర్ ఆటోలో ఇరవైకే పని అయిపోతుంది.

పదిన్నరకు చేరాం. వీధి పొడుగునా పవర్‌లూమ్‌ల మోత. డ్రైవర్ పెద్దనాయన అంబదాస్‌ది మాత్రం చేమగ్గం. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, నెత్తిన తెల్లటోపీ, చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగవు. లోపల పుల్లటి గంజి వాసన. పడుగు పోగులకు అన్నం గంజి పట్టిస్తారు. ఎందుకని అడిగాను.

"గంజి లేకుంటే పోగు ఆగది, తెగుతది. గంజి ఉంటే ఎలుక ఆగది, కొరుకుతది."

"మరెలా?"

మగ్గం కిందికి చూపించాడు. బొద్దుగా ఉన్న ఎర్రపిల్లి ఒకటి కాళ్లు చాపుకుని పడుకుంది. "అగో, మా వాచ్‌మన్."

ఇక నేను కింద చతికిలబడిపోయాను. బల్బు చుట్టూ పురుగులు, పురుగుల కోసం రెండు బల్లులు. మూలనున్న దూది చెత్తలోంచి ఓ పిచ్చుక పోచలు ఏరుకుని దూలం మీదికి మోస్తోంది. పిల్లి ఒక కన్ను తెరిచి దాని రాకపోకలు గమనిస్తోంది. అబ్బ, తెల్లవారుజామున నేను నాలుగు గంటలు వెతికిందంతా ఒక్క గదిలో ఉంది!

ఇంతలో ఆయన భార్య నర్సవ్వ వెదురుబుట్ట పట్టుకొచ్చి పిల్లిని అమాంతం అందులో వేసి మూత పెట్టేసింది. ఆవిడ ఇంట్లో బీడీలు చుడుతుంది. ఊరి బయట బీడీ కార్మికులకు కట్టిన కుంభారి కాలనీలో వాళ్లకు కొత్త ఇల్లొచ్చింది, ఆ రోజే సామాను తరలిస్తున్నారు. బయట టెంపో నిండింది, పిల్లి ఒక్కటే మిగిలింది.

"ఏమే, దాన్ని కొంచవోతే నా పడుగెవరు కాస్తరు?" అన్నాడు అంబదాస్.

"ఆడ చుట్టూ చేన్లే. ఎలుకలొస్తయి, ఎలుకల ఎనక పాములొస్తయి. నాకు భయం."

"అయితే నేను రాత్రిళ్లు ఈడనే పండుకుంట. పడుగు పాడైతే మల్ల ఎవలిస్తరు పని?"

నర్సవ్వ మొహం వాడిపోయింది. ఈ వయసులో కొత్త ఇంట్లో రోజూ రాత్రి ఒక్కతే ఉండాలి. పిల్లి బుట్టలో గీరుతోంది. మూత మీద చెయ్యేసి ఆవిడే అడిగింది. "ఇది ఈడుంటే నువ్వు రాత్రికి ఇంటికొస్తవా?"

"వస్త."

"రోజూ?"

"బరాబర్ వస్త. పిల్లి కాస్తుంటే నాకేం పనే ఈడ?"

ఆవిడ మూత తీసేసింది. పిల్లి ఒక్క దూకు దూకి మళ్లీ మగ్గం కిందే చేరింది. "ఉండవే, ఉండు. నువ్వే గెలిచినవ్," అని దాన్ని తిట్టి, నా వైపు తిరిగి, "పాముల సంగతి నక్కో, ఇడిసెయ్ బిడ్డా, మనిషుంటే కట్టెతోని కొడ్తడు," అంది.

నాకింకా టైముంది కదా, సామాను దించడానికి సాయంగా ఆవిడతో టెంపో ఎక్కాను. ఒకే రకం ఇళ్లు బారులు తీరి ఉన్నాయి, వాటి వెనక ఖాళీ చేలు. సాయంత్రం స్టవ్ వెలిగించి రొట్టెలు చేసింది. ఇద్దరం ఆయన కోసం బస్ స్టాపుకు వెళ్లాం. ఆరున్నర బస్సులోంచి బోలెడుమంది దిగారు, అంబదాస్ లేడు. ఆవిడ రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. ఏడు దాటాక వచ్చిన బస్సు మెట్ల మీద తెల్లటోపీ కనపడగానే, "ఇంత లేటా? రొట్టెలు సల్లవడ్డయ్!" అని కేకలేసింది నర్సవ్వ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే. "పిల్లికి పాలు పోసొచ్చిన," అన్నాడాయన. నాక్కూడా కళ్లు చెమర్చాయి. ఆ బస్సు తిరిగి ఊళ్లోకి వెళ్తుంటే దాంట్లోనే ఎక్కి, అరగంట పైన ప్రయాణం చేసి స్టేషన్‌కు చేరాను.

పుస్తకాల్లో ఆహారపు గొలుసు గీస్తే చివర గద్దనో పులినో పెడతారు. గంజి, ఎలుక, పిల్లి అంటూ దాజీ పేట్‌లో మొదలైన గొలుసు ఎక్కడాగుతుందో వెతుక్కుంటూ పోతే, పది కిలోమీటర్ల అవతల ఒక ముసలాయన రాత్రి అన్నానికి ఇల్లు చేరడం దగ్గర తేలాను. బట్టమేక పిట్ట కనపడలేదన్న కోపం రైలెక్కేసరికి లేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పొద్దున పదింటికల్లా దాజీ పేట్ చేరితే మగ్గం పని తీరిగ్గా చూడొచ్చు. సాయంత్రం ఆరయ్యాక మాత్రం అక్కడివాళ్లను ముచ్చట్లలో పెట్టకండి. వాళ్లు బస్సు అందుకోకపోతే, అవతల ఎవరో కంచాలు పెట్టుకుని తినకుండా కూర్చునుంటారు.