అరచేతుల్లో మంట

రెండేళ్ల కిందట, సత్తెనపల్లి నుంచి గుంటూరు వచ్చే పొద్దుటి బస్సులో సగం నిద్రలో ఫోన్ చూస్తున్నాను. మా అమ్మానాన్నల పెళ్లికి ముందే మొదలై ఇంకా ముగియని జపాన్ ఫైటింగ్ కార్టూన్ అది. హీరో అరచేతులు నిప్పుల్లా వెలుగుతున్నాయి. అలా వెలిగిన చేతులతో దెబ్బ కొట్టడానికి అతనికి మామూలుగా మూడు ఎపిసోడ్లు పడతాయి. కిటికీ అవతల కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు పొగమంచులో ఎర్రటి మడుగుల్లా తేలుతూ వెనక్కి పోతున్నాయి.

పక్కసీటులో ఉన్న పెద్దావిడ ఫోన్‌లోకి తొంగిచూసింది.

"అయ్యో, చేతులు మండుతున్నట్టున్నాయి పిల్లోడికి. మిరపకాయలో చెయ్యిపెట్టే ముందు ఆముదం రాసుకోలేదా?"

"అది మంట కాదు పెద్దమ్మా, శక్తి."

"మండినోడికి తెలుస్తుందిలే," అందావిడ.

పదేళ్లుగా మిర్చికి తొడిమలు తీస్తోందట. కిందటి నెల అరచేతులు బొబ్బలెక్కి తోలూడితే కూలీల మేస్త్రి పని ఆపి ఇంటికి పంపేశాడట. ఇవాళ చేతులు చూసి, మానాయనిపిస్తేనే పనిలోకి రానిస్తాడు. కొంగు కింద నుంచి రెండు చేతులూ తీసి నా ముందు పెట్టింది.

"మానినట్టేనా బాబూ?"

ఫోన్ ఒళ్లో బోర్లించి చూశాను. అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"మానాయండి," అన్నాను.

గుంటూరు మొదట్లో, మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర ఆవిడ దిగింది. గేటు ముందు మేస్త్రికి రెండు అరచేతులూ చాచి నిలబడింది. అతను వంగి చూస్తుండగా బస్సు కదిలింది.

బస్టాండు వచ్చేసరికి హీరో గెలిచాడు. గెలవక ఏం చేస్తాడు? వాడికి ఇంకా నాలుగొందల ఎపిసోడ్లు రాసిపెట్టి ఉన్నాయి.